టైరులో గాలి, గాలివాటు సలహాలు

కారుకున్న రన్‌ఫ్లాట్ టైర్లను తీయించి మామూలు టైర్లు వేయించుకున్నవారికి మరునాడే ఒక ధర్మసందేహం ఎదురవుతుంది. ఇకమీదట గాలి ఎంత ఉంచాలి? సందేహం న్యాయమైనదే. దానికి లభిస్తున్న సమాధానాలే అన్యాయంగా ఉన్నాయి. "రన్‌ఫ్లాట్ టైరు పక్కగోడ గట్టిది, అది బరువు మోసేది. ఇప్పుడా ఆసరా పోయింది గనుక నాలుగు పీఎస్ఐ ఎక్కువ పెట్టండి" అంటారొకరు. "మెత్తదనం కోసమే కదా మార్చుకున్నారు, నాలుగు తగ్గించండి, బండి పల్లకీలా పోతుంది" అంటారింకొకరు. టైర్ల దుకాణంలోని కుర్రవాడికి ఈ వాదాలతో పనిలేదు. ఏ కారు వచ్చినా నాలుగు చక్రాలకూ 35 కొట్టి పంపిస్తాడు. ఈ ముగ్గురూ పొరబడుతున్నారని నా వాదం.

రన్‌ఫ్లాట్ల సంగతి ఎరుగని మిత్రుల కోసం రెండు ముక్కలు. పంక్చరై గాలి మొత్తం పోయినా, గంటకు 80 కిలోమీటర్లు మించని వేగంతో సుమారు 80 కిలోమీటర్ల దూరం నడిచేటట్లు పక్కగోడలను దళసరి రబ్బరుతో బలపరచిన టైర్లివి. 2000ల తొలి సంవత్సరాలనుండి బీఎండబ్ల్యూ సంస్థ తన కార్లలో చాలావాటికి వీటిని అమర్చి, స్టెప్నీకి సెలవిచ్చింది. సౌకర్యం గొప్పదే. కాని ఆ గట్టి పక్కగోడ ప్రతి గతుకునూ ప్రయాణికుల వెన్నెముకకు విన్నవిస్తుంది. వెల ఎక్కువ. గాలి లేకుండా నడిచినదాన్ని బాగుచేయడానికి చాలామంది ఒప్పుకోరు. కనుక మార్చుకోవడంలో తప్పు లేదు. మార్చుకున్న తరువాతి ఆలోచనలోనే తప్పంతా ఉన్నది.

మొదటి వాదాన్ని చూద్దాం. బరువు మోసేది పక్కగోడ అన్న మాట గాలి లేనప్పుడు నిజం. గాలి ఉన్నప్పుడు బరువులో అత్యధిక భాగాన్ని మోసేది గాలే. ఒక చక్రం మీద 500 కిలోల బరువు, లోపల 2.2 బార్ గాలి ఉన్నవనుకోండి. ఆ బరువును ఆ పీడనంతో భాగిస్తే టైరు నేలను తాకే వైశాల్యం సుమారు 220 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. అంటే రెండు పోస్టుకార్డులంత కూడా లేదు. గట్టి గోడ ఈ లెక్కను కొద్దిగా అటూ ఇటూ జరుపుతుందే తప్ప తలక్రిందులు చేయదు. అందుకే ఏ టైరు ఎంత గాలితో ఎంత బరువు మోయగలదో చెప్పే ప్రమాణ పట్టికలు కొలతను, లోడ్ ఇండెక్స్‌ను చూస్తాయి. రన్‌ఫ్లాట్లకు ఒక పట్టిక, మామూలువాటికి మరొక పట్టిక లేవు. కొలత అదే, లోడ్ ఇండెక్స్ అదే, కారు అదే, కూర్చునేవారూ వారే అయినప్పుడు గాలి మాత్రం ఎందుకు మారాలి?

ఇక్కడ ఎదుటివారి పక్షాన ఒక మాట ఒప్పుకోవాలి. మెత్తని గోడల వలన స్టీరింగు కొంచెం మందగించినట్లు తోచి, రెండు పీఎస్ఐ పెంచుకుని తృప్తిపడేవారున్నారు. టైరు మీద ముద్రించిన గరిష్ఠ పరిమితికి లోబడి ఉన్నంతవరకు అది అభిరుచికి సంబంధించిన విషయం. కాని అభిరుచిని అవసరంగా ప్రచారం చేయకూడదు. మోతాదు మించితే నేలను తాకే భాగం తగ్గి, టైరు నడిమి భాగం ముందుగా అరిగిపోతుంది.

రెండవ వాదం మరింత ప్రమాదకరమైనది. మెత్తదనం పక్కగోడ మారడంతోనే వచ్చింది. దానికి తోడు గాలి కూడా తగ్గించడమంటే ఒకే సరుకుకు రెండుసార్లు వెల చెల్లించడం. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టులోనూ ఎక్కువగా వంగుతుంది, వంగినకొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కినకొద్దీ లోపలి పొరల పట్టు సడలుతుంది. అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాల ఉదంతం మరువరానిది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ సుమారు 65 లక్షల టైర్లను వెనక్కు పిలిచింది. ఆ టైర్ల వైఫల్యాలతో ముడిపడిన మరణాలు 271 అని అక్కడి ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ లెక్కగట్టింది. కారణాలు ఒకటి కాదు. టైరు తయారీలోని లోపాలున్నాయి, వాహనపు స్వభావం ఉన్నది. వాటితోపాటు చర్చకు వచ్చిన అంశం గాలి. ఫోర్డ్ సిఫారసు 26 పీఎస్ఐ, ఆ తరువాత ఫైర్‌స్టోన్ కోరినది 30. ఆ నాలుగు పీఎస్ఐ మీద రెండు మహాసంస్థలు ఎంత వాదులాడుకున్నాయో గుర్తున్నవారెవరూ "నాలుగు తగ్గించండి" అని అంత తేలికగా అనలేరు.

ఇక మూడవవాడు, అందరికీ ఒకే మందిచ్చే వైద్యుడు. ఇది నా అనుభవం. ఒక మే నెల మధ్యాహ్నం హైదరాబాదులో టైర్లు మార్పించుకున్నాను. యథావిధిగా నాలుగింటికీ 35 కొట్టారు. మరునాటి ఉదయం సొంత గేజితో చూస్తే 32 ఉన్నది. సుమారు 5, 6 డిగ్రీల ఉష్ణోగ్రత తగ్గినప్పుడల్లా ఒక పీఎస్ఐ తగ్గడం సహజం కాబట్టి అందులో వింత లేదు. నా కారు తలుపు తీస్తే కనిపించే పట్టిక వెనుక చక్రాలకు అడుగుతున్నది 2.6 బార్, అంటే సుమారు 38. ఆరు తక్కువ. శాతంలో చెబితే 16. ఆ మరునాడు అయిదుగురం, సామానుతో సహా తిరుపతి బయలుదేరవలసి ఉన్నది. వెనుక సీట్లో మా అమ్మ కూర్చుంటుంది. నిండు బరువుకు ఆ పట్టికే ఇంకా ఎక్కువ గాలి అడుగుతుంది.

"హెచ్చరిక దీపం వెలుగుతుంది కదా!" అనవచ్చు. వెలగలేదు. 2007 సెప్టెంబరునుండి అమెరికాలో కొత్త తేలికపాటి వాహనాలన్నింటికీ టైరు పీడనాన్ని గమనించే ఏర్పాటు తప్పనిసరి అయింది. ఆ నిబంధన అడిగేది కూడా సూచించిన పీడనం కంటే 25 శాతం పడిపోయినప్పుడు చెప్పమనే. 38లో 25 శాతం పోతే 28.5. అంటే 32 దగ్గర దీపం మౌనంగా ఉండడం దాని ధర్మమే. పైగా కొన్ని కార్లలో ఈ ఏర్పాటు గాలిని కొలవదు, చక్రాలు తిరిగే వేగాలను పోల్చి ఊహిస్తుంది. టైర్లు మార్చాక దానికి కొత్తగా పాఠం చెప్పాలి. తప్పు గాలితో పాఠం చెబితే తప్పునే ఒప్పుగా వల్లె వేస్తుంది.

మరి చేయవలసినదేమిటి? ముంజేతి కంకణానికి అద్దమెందుకు? డ్రైవరు తలుపు చట్రం మీది పట్టికను చదవాలి. మీ టైరు కొలతకు ఎదురుగా ఉన్న అంకెలనే, ముందుకు వేరుగా వెనుకకు వేరుగా తీసుకోవాలి. తక్కువ బరువుకు, నిండు బరువుకు రెండు వరుసలుంటే ప్రయాణాన్ని బట్టి ఎంచుకోవాలి. బండి కొన్ని గంటలు నిలిచి ఉన్నాక, చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. పరుగులో వేడెక్కి నాలుగైదు పీఎస్ఐ పెరిగిందని గాలి వదలడం అవివేకం.

అంకెను నిజంగా మార్చవలసిన సందర్భం ఒకటున్నది. దాని సంగతి సలహాదారులెవరూ ఎత్తరు. పాత టైరు 225/45 ఆర్17, లోడ్ ఇండెక్స్ 91 అనుకోండి. కొత్తది అదే కొలతలో 94, ఎక్స్‌ఎల్ తరగతి. 91 అంటే 615 కిలోలు, 94 అంటే 670. ఎక్కువ మోస్తుంది కనుక తక్కువ గాలి చాలుననుకుంటారు. కాని మొదటిది తన 615 కిలోలను 2.5 బార్ దగ్గర మోస్తే, రెండవది తన 670ని 2.9 బార్ దగ్గర మోస్తుంది. ఐరోపా లెక్కన 2.2 బార్ దగ్గర మొదటిది సుమారు 555 కిలోలు మోస్తే, రెండవది 537 మాత్రమే. ఆ లోటు పూడ్చడానికి సుమారు 0.1 బార్, అంటే ఒకటిన్నర పీఎస్ఐ చేర్చాలి. అది కూడా రన్‌ఫ్లాట్ పోయినందుకు కాదు, తరగతి మారినందుకు.

కనుక ఈ మార్పులో మారేది అంకె కాదు, బాధ్యత. రన్‌ఫ్లాట్ మన అశ్రద్ధను 80 కిలోమీటర్లపాటు క్షమించేది. మామూలు టైరు క్షమించదు. ఆ క్షమను మనమే అమ్ముకుని మెత్తదనాన్ని కొనుక్కున్నాం. దానికి బదులుగా పెట్టెలో ఒక గాలిపంపు, పంక్చరు సామగ్రి, వీలైతే ఒక స్టెప్నీ, చేతిలో ఒక మంచి గేజి, నెలకు ఒక ఉదయం పది నిమిషాల సమయం పెట్టుకోవాలి. హైదరాబాదులో మే మధ్యాహ్నానికీ డిసెంబరు వేకువకూ పాతిక డిగ్రీల అంతరం ఉంటుంది. మే మధ్యాహ్నం పట్టించిన గాలి చలికాలానికి తనంతట తానే నాలుగు పీఎస్ఐ తగ్గిపోతుంది. తగ్గించమని సలహా ఇచ్చేవారి అవసరం కూడా లేదు.

ఆనాటి ఉదయం నేను పంపు తీసి వెనుక చక్రాలకు గాలి నింపుతుంటే, "నిన్ననే కదురా కొట్టించావు?" అని అడిగింది మా అమ్మ. కొట్టించాను, కొలవలేదు. తప్పు కుర్రవాడిది సగమైతే, నాది సగం.