ప్రోబయోటిక్ ప్యాకెట్‌లో బతికున్నవి ఎన్ని?

జీఎస్-3 జవాబుల్లో ‘చేపపిల్లల మేతలో ప్రోబయోటిక్స్‌ను ప్రోత్సహించాలి’ అని రాసి సరిపెడుతున్నాం. ఇది సగం జవాబే. ఎదుగుదల కోసం మేతలో యాంటీబయోటిక్స్ కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006లోనే నిషేధించింది, ప్రత్యామ్నాయం కావాల్సిందే. కానీ ప్రోబయోటిక్ అంటే బతికున్న బ్యాక్టీరియా. మేత తయారీలోని ఆవిరి వేడికి లాక్టోబాసిల్లస్ చాలావరకు చచ్చిపోతుంది. బాసిల్లస్ సిద్ధబీజాలు తట్టుకుంటాయి.

జంషెడ్‌పూర్ దగ్గరి చాండిల్ జలాశయంలో పంజరాల్లో చేపలు పెంచే రైతుకు ఈ తేడా ఎవరు చెప్పాలి? వేసవిలో రేకుల షెడ్డులో మగ్గిన ప్యాకెట్‌ను అమ్మడం అతని జేబు కొట్టడమే. బ్యాక్టీరియా రకం, గడువు తేదీ నాటికి బతికుండే సంఖ్య, నిల్వ ఉష్ణోగ్రత లేబుల్‌పై తప్పనిసరి చేయాలి. ఆంధ్రప్రదేశ్ 2020లో చేపల మేత నాణ్యతకు చట్టం తెచ్చింది; చాండిల్ రైతుకూ అలాంటి రక్షణ కావాలి. ఇక పంజరం కిక్కిరిసి ఆక్సిజన్ పడిపోతే ఏ పొడీ కాపాడదు.