పెసర చేలో కృష్ణజింక

తెల్లవారుజామున అడవి జంతువుల్ని చూడాలంటే సఫారీ జీపు, టికెట్టు, గైడు కావాలనుకుంటాం. ఒడిశాలోని గంజాం జిల్లాలో వాటితో పనిలేదు. చీకటుండగానే బరంపురంలో బయల్దేరి, ఆస్కా దాటి, బుగుడ పక్కనున్న భేట్నాయి, బాలిపదర్ ఊళ్లకు చేరితే చాలు. ఒక్క జాగ్రత్త: హైదరాబాదుకంటే అక్కడ పాతిక నిమిషాలు ముందే పొద్దు పొడుస్తుంది. ఇంటి అలవాటు కొద్దీ లేస్తే ఎండే మిగులుతుంది.

ఎండ ఏటవాలుగా పడే ఆ కాసేపే మగ కృష్ణజింక అందమంతా బయటపడుతుంది. వీపు మీద నలుపు, పొట్ట కింద తెలుపు, కళ్ల చుట్టూ తెల్లటి వలయాలు, మెలితిరిగిన కొమ్ములు, దేనికదే స్పష్టంగా కనిపిస్తాయి. ఆడజింకలకు ఆ హంగు లేదు. మట్టిరంగు ఒళ్లు మట్టిలో కలిసిపోయి, ఒకటి ఎగిరి గెంతేదాకా అక్కడ మంద ఉన్నట్టే తెలియదు. మేత ముగించి, పొద్దెక్కాక నీడకు చేరతాయి.

ఇంతకీ అవి మేసేది అడవిలో కాదు, రైతుల పొలాల్లో. పెసర, మినుము మొలకెత్తితే మంద దిగుతుంది. అయినా ఎవరూ ఉచ్చు పెట్టరు. ఒకప్పుడు పెద్ద కరవొచ్చిందనీ, జింకలు ఊళ్లోకి వచ్చాకే వాన పడిందనీ అక్కడి పెద్దలు చెబుతారు. జింక తిరిగిన చేను పండుతుందని వాళ్ల నమ్మకం. వానకూ జింకకూ సంబంధమేమిటని వాదించబోను. ఫలితం అంకెల్లోనే ఉంది. 2011 లెక్కల్లో గంజాంలో 2,194 కృష్ణజింకలుంటే, 2021 నాటికి 7,358 అయ్యాయి. మధ్యలో 2013లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపానునూ తట్టుకున్నాయి.

అదే ఒడిశాలో, పూరీ పక్కనున్న బాలుఖండ్-కోణార్క్ అభయారణ్యం సంగతి చూడండి. పేరుకు అభయమే. కృష్ణజింకలు మాత్రం అక్కడ పూర్తిగా అంతరించాయి. చివరికి 2023లో నందన్‌కానన్ నుంచి తెచ్చి వదలాల్సి వచ్చింది. బోర్డు పాతిన చోట పోయిన జంతువు, బోర్డు లేని చేలల్లో మూడింతలైంది. ఈ ఘనతలో పెద్ద వాటా ఆ రైతులదే అంటాను. కానీ మెప్పు అటవీ శాఖకు, మేత ఖర్చు రైతుకు అన్నట్టుంది వ్యవహారం.

మనకూ ఇది పరాయి కథ కాదు. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. కర్నూలు వైపు, తెలంగాణలో కృష్ణా తీరపు పల్లెల్లో, పంటలు పోతున్నాయని రైతులు మొత్తుకుంటూనే ఉన్నారు. వాళ్లను జంతుద్వేషులంటే అన్యాయం. గంజాం రైతు ఓర్పును ఉచితంగా వాడుకోవడమూ అన్యాయమే. నమ్మకం తరతరానికీ కాస్త పలచబడుతుంది. పొలంలో పెట్టుబడి మాత్రం ఏటేటా పెరుగుతుంది. పరిహారం పంట కాలంలోనే, దరఖాస్తుల తిరుగుడు లేకుండా చేతికందాలి. నమ్మకం చెదరక ముందే ప్రభుత్వాలు ఈ పని చేయాలి.

ఇక ఫొటోల కోసం వెళ్లేవారికో మాట. బండి రోడ్డు మీదే ఆపండి. గెంతే బొమ్మ కోసం మందను తరమకండి. గట్టు దిగేముందు ఆ చేను ఎవరిదో కనుక్కుని అనుమతి అడగండి.