ఆ పాతర ఎవరిది?

మన సభల్లో మేఫ్లవర్ ఓడ కథ చెప్పడం మనకు అలవాటే. మేమూ చెప్పాం. ఒకసారి కాదు, చాలాసార్లు. 1620లో ఇంగ్లండు నుంచి 102 మందితో బయల్దేరిన ఓడ. రాజుగారి చర్చికి తలవంచం, మా సంఘం మేమే పెట్టుకుంటాం, మా పాస్టరును మేమే ఎన్నుకుంటాం అన్నవాళ్లు ఎక్కిన ఓడ. గుడి బయట నిలబెట్టిన జనానికి ఈ కథ నచ్చకుండా ఎట్లా ఉంటుంది?

పైగా బాబాసాహెబే ఈ మాట ఎత్తారు. 1936 నాటి 'కుల నిర్మూలన'లో, రాజకీయ మార్పుకు ముందు మతంలో తిరుగుబాటు రావాలని చెబుతూ, అమెరికా పుట్టుకకు ప్యూరిటన్ల మతోద్యమమే దారి వేసిందని చూపించారు. ఓడలో వచ్చినవాళ్లు ఆ ప్యూరిటన్లలో మరీ గట్టివాళ్లు. రాజు చర్చితో పూర్తిగా తెగతెంపులు చేసుకున్నవాళ్లు. ఇంకేం, మనకు ఆధారం దొరికింది. ఓడను నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగాం.

మొన్న రాత్రిబడిలో ఇదే కథ చెబుతున్నాం. ఓడ ఒడ్డుకు చేరింది, చలికాలం, తిండి లేదు, ఇసుకదిబ్బ తవ్వితే గంపలో మొక్కజొన్న దొరికింది, ఆ గింజలే మరుసటి ఏడు విత్తనమైనాయి అన్నాం. వెనక గోడకానుకుని కూర్చున్న ఒక పెద్దమ్మ అడిగింది: "సారూ, ఆ పాతర ఎవరిది?"

మాకు నోట మాట రాలేదు. "దొరికింది" అని పుస్తకంలో ఉంటే మేమూ దొరికిందనే చెప్పాం. పాతరలో గింజలు వాటంతట అవే పుడతాయా? ఎవరో దున్నాలి, ఎవరో విత్తాలి, ఎవరో ఎండబెట్టి మట్టిలో దాచుకోవాలి. పాతర తవ్వినవాణ్ని మన ఊళ్లో ఏమంటారో మనకు తెలుసు. అక్కడ మాత్రం అది దేవుడి దయ అయింది. ఆ మాట తవ్వినవాళ్లే రాసుకున్నారు. పాతరలే కాదు, సమాధులూ తవ్వారు. అందులో పెట్టిన వస్తువులు కొన్ని పట్టుకుపోయారు. అదీ వాళ్లే రాసి, 1622లో లండన్లో అచ్చు వేసుకున్నారు. న్యాయంగా ఒక మాట చెప్పాలి. గింజల బాకీ మరుసటి ఏడు తీర్చారు. సమాధుల బాకీ ఎట్లా తీరుతుంది?

ఆ నేల వాంపనోగ్ జనానిది. ఓడవాళ్లు ఇళ్లు కట్టుకుని ప్లిమత్ అన్న చోటు అంతకుముందు పటుక్సెట్ అనే ఊరు. 1616 నుంచి 1619 దాకా, తెల్లవాళ్ల ఓడలు మోసుకొచ్చిన రోగంతో ఊరికి ఊరే చచ్చిపోయింది. చదును చేసిన చేలు మిగిలాయి, చేసేవాళ్లు లేరు. ఆ ఊరివాడు టిస్‌క్వాంటమ్‌ను 1614లో ఒక ఇంగ్లీషు కెప్టెన్ ఎత్తుకుపోయి స్పెయిన్లో అమ్మాడు. అతను ఎట్లాగో ఇంగ్లండు చేరి, 1619లో సొంత ఊరికి తిరిగొస్తే పలకరించే మనిషి లేడు. మొదటి చలికాలంలోనే ఓడవాళ్లలో సగంమంది పోయారు. మిగిలినవాళ్లకు చేపను ఎరువుగా వేసి మొక్కజొన్న పెట్టడం నేర్పింది ఈ టిస్‌క్వాంటమే.

ఓడలో రాసుకున్న ఒడంబడిక సంగతి కూడా మనం గొప్పగా చెబుతాం. 41 మంది మగవాళ్లు సంతకాలు పెట్టారు. ఆడవాళ్ల సంతకం ఒక్కటీ లేదు. ఆ నేల మీద ఉన్నవాళ్లను అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

వాంపనోగ్ పెద్ద మాససాయిట్ 1621లో వాళ్లతో స్నేహ ఒప్పందం చేసుకున్నాడు. ఆ ఏడు పంట పండుగకు 90 మందితో వచ్చి, అయిదు జింకలు తెచ్చిచ్చాడు. దాన్నే ఇప్పుడు థాంక్స్‌గివింగ్ అంటున్నారు. అమెరికా పోయిన మన పిల్లలు కూడా నవంబరులో ఆ సెలవు తీసుకుని టర్కీ కోడి ఫొటోలు పంపుతున్నారు. అయిదు జింకలు తెచ్చిన ఆ మాససాయిట్ కొడుకు మెటాకామ్, భూములు పోతుంటే 1675లో తిరగబడ్డాడు. 1676లో చంపి, తల నరికి, ప్లిమత్‌లో కొయ్యకు గుచ్చి ఏళ్ల తరబడి ఉంచారు. అతని చిన్న కొడుకును చంపాలా, వదలాలా అని పాస్టర్లు బైబిలు వాక్యాలు తిరగేసి తర్కించారు. చివరికి బానిసగా అమ్మేశారు. రాజు చర్చిని ఎదిరించి ఓడెక్కినవాళ్ల పిల్లలూ మనవలే వీళ్లంతా.

అయితే బాబాసాహెబ్ తప్పు చెప్పారా అని కుర్రాళ్లు అడిగారు. లేదు. మతం పెత్తనం మీద తిరగబడనిదే రాజ్యం మారదన్నది ఆయన చూపిన సంగతి. అది నిలబడే ఉంది. ఆ ఓడకు దండ వేయమని ఆయన చెప్పలేదు, వేసింది మనం. చరిత్రలో మన పేరు లేదని రోజూ మొత్తుకునే మనం, ఇంకొకరి ఊరిని కథలోంచి ఎట్లా తీసేశాం? పుస్తకంలో లేదు కాబట్టి అనడం మాకు సిగ్గుగా ఉంది. మన సంగతి మాత్రం ఏ పుస్తకంలో ఉంది?

ఇంకొకటి. 'కుల నిర్మూలన' ఇవ్వని ఉపన్యాసం. లాహోరు జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్లు పిలిచారు, రాసింది ముందే చూశారు, బెదిరిపోయారు, మార్చమన్నారు. ఆయన మార్చలేదు. సభ ఆగిపోయింది. ఆయనే అచ్చు వేయించుకున్నారు. 34 ఏళ్ల తర్వాత, 1970లో, ఓడ వచ్చి 350 ఏళ్లయిందని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉత్సవం చేస్తూ ఒక వాంపనోగ్ మనిషిని మాట్లాడమన్నారు. పేరు వాంసుటా ఫ్రాంక్ జేమ్స్. బడిలో సంగీతం మాస్టారు. ఆయన ఉపన్యాసంలో ఏం రాశాడు? సమాధులు తవ్విన సంగతి, మొక్కజొన్న ఎత్తుకుపోయిన సంగతి. రాసింది ముందే చూశారు, కుదరదన్నారు, వేరేది రాసిచ్చి చదవమన్నారు. ఆయన చదవలేదు. ఆ నవంబరులోనే తన జనంతో ప్లిమత్‌లో కోల్స్ హిల్ మీద, మాససాయిట్ విగ్రహం దగ్గర నిలబడి మాట్లాడాడు. అప్పటినుంచి దేశమంతా పండుగ చేసుకునే రోజున అక్కడ సంతాపదినం జరుగుతోంది.

వచ్చే వారం రాత్రిబడిలో కథ మళ్లీ మొదటినుంచి చెబుతాం. ఈసారి ఓడతో కాదు, పాతరతో మొదలుపెడతాం. పెద్దమ్మను ముందు వరసలో కూర్చోమని కబురు పెట్టాం.