టేపు అరుపుకి కళ్ళెం ఎక్కడ?

భీమవరం నుంచి ఒక కుర్రాడు ఉత్తరం రాశాడు. పది నిమిషాల లఘుచిత్రం తీస్తున్నాట్ట. క్లైమాక్సులో తండ్రి కొడుకుని పేరు పెట్టి ఒక్క కేక వేస్తాడు. ఆ కేక మళ్ళీ మళ్ళీ వినిపిస్తూ, చిరిగిపోతూ, చివరికి మాటే కాకుండాపోయి ఉత్త హోరుగా మిగలాలి. కుర్రాడు డిలే ప్లగిన్ పెట్టి ఫీడ్‌బ్యాక్ పూర్తిగా తిప్పేశాడు. పెళ్ళిపందిట్లో మైకులా 'కుయ్‌' మందే తప్ప గుండె పట్టెయ్యలేదట. ఏ ప్లగిన్ కొనమంటారు? అని ప్రశ్న.

ఏదీ కొనక్కర్లేదు తమ్ముడూ! ముందు అసలు యంత్రం సంగతి విను.

1974లో జపాన్ వాళ్ళ రోలాండ్ కంపెనీ 'ఆర్‌.ఇ.-201 స్పేస్ ఎకో' అనే పెట్టె తెచ్చింది. లోపల టేపు, రికార్డు చేసే హెడ్డు ఒకటి, దాని తర్వాత వినిపించే హెడ్లు మూడు. టేపు మీద పడిన మాట ఈ హెడ్డు నుంచి ఆ హెడ్డుకి నడిచి రావాలి కదా, ఆ నడకే ఆలస్యం. సెకనుకి 15 అంగుళాల చొప్పున నడిచే టేపు మీద 2 అంగుళాల దూరమంటే సుమారు 133 మిల్లీ సెకన్లు. వచ్చినదాన్ని మళ్ళీ రికార్డు హెడ్డుకే పంపితే మళ్ళీ వస్తుంది. పంపినదానికంటే వచ్చింది పెద్దదయిందా, ఇక శబ్దం తనని తానే మేపుకుంటుంది. ఆ పెట్టె మీద 'ఇంటెన్సిటీ' నాబు చేసే పని ఇదే. జమైకాలో, కింగ్‌స్టన్‌లో, లీ పెర్రీ తన బ్లాక్ ఆర్క్ స్టూడియోలో ఈ పెట్టెని వాయిద్యంలాగే వాయించాడు.

మరి అది చెవులు బద్దలు కొట్టకుండా ఎందుకు ఆగింది? టేపు ఒక హద్దు దాటి మోయలేదు కనుక. హద్దు దగ్గరపడేకొద్దీ శబ్దాన్ని గుండ్రంగా నొక్కేస్తుంది. మనం విని ముచ్చటపడే ఆ వక్రీకరణ నిజానికి దాని కళ్ళెం! పైగా తిరిగిన ప్రతిసారీ పదును కొంచెం పోతుంది, మోటారు వణుకు కొంచెం చేరుతుంది. కంప్యూటర్లోని సాదా డిలేకి ఈ జబ్బులేవీ లేవు. అందుకే హద్దు తగలగానే శిఖరాలు కత్తితో కోసినట్టు తెగుతాయి.

చాలామంది శాచురేషన్ ప్లగిన్‌ని డిలే తర్వాత, చక్రం బయట పెడతారు. అప్పుడు ప్రతి కేకా ఒక్కసారే చెడుతుంది. అది చక్రం లోపల ఉంటే రెండోసారికి రెండింతలు, పదోసారికి గుర్తుపట్టలేనంత.

కాబట్టి ఒక వేరే ట్రాకు తెరు. అందులో డిలే పెట్టు: 350 మిల్లీ సెకన్లు, అంతా తడి శబ్దమే, దాని సొంత ఫీడ్‌బ్యాక్ సున్నా. తర్వాత శాచురేషన్. ఆ తర్వాత ఫిల్టర్: 200 హెర్ట్‌జ్‌ కింద, 4000 పైన కోసెయ్. ఇప్పుడు ఆ ట్రాకుని తిరిగి దానికే పంపు. రీపర్ వాడుతుంటే ప్రాజెక్టు సెట్టింగుల్లో ఫీడ్‌బ్యాక్‌కి అనుమతి ఇవ్వాలి; ఏబుల్టన్ లైవ్‌లో రిటర్న్ ట్రాకు సెండుని దానికే తెరవొచ్చు. మాస్టర్ మీద లిమిటర్ మరిచిపోకు. మొదటిసారి హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి చెయ్యి, చెవులు మళ్ళీ కొనుక్కోలేం!

'ఎకోబాయ్'లాంటి ప్లగిన్లు ఇదంతా లోపలే కట్టి అమ్ముతాయి. మంచివే. కానీ విడిగా కట్టుకున్నవాడికే ఏ ముక్క ఏం చేస్తోందో తెలుస్తుంది.

ఇక ఫేడర్. మౌసుతో గీతలు గీయకు, చేత్తో కదుపుతూ రికార్డు చెయ్. కేక ఉబ్బుతుంటే కాస్త తగ్గించు, చచ్చిపోతుంటే లేపు. డిలేకి టేపు పద్ధతి ఉంటే, హోరు మధ్యలో ఆలస్యాన్ని మెల్లిగా పెంచు. మోటారు నీరసించినట్టు స్వరం కిందికి జారుతుంది. పాత సినిమాల్లో అంతరాత్మ అద్దంలోంచి మాట్లాడే సీన్లలో ప్రతిధ్వని ఒకే తీరున తిరిగేది, నీకు కావలసింది అది కాదు.

అన్నట్టు, కొడుకు పేరేమిటో రాయలేదు. 'శశి' అయితే చిక్కే. ఫిల్టరు ముందు తినేది ఆ 'శ'లనే. 'రామూ' అని సాగదీసి పిలిపించు. హల్లులన్నీ రాలిపోయాక కూడా ఆ 'ఊ' చాలాసేపు నిలుస్తుంది. తెర నల్లబడ్డాక మరో మూడు సెకన్లు దాన్ని ఉండనిచ్చి, అప్పుడు ఫేడర్ దించు.