హోమ్ సర్వర్ పడిపోతే ఎండని తిట్టకండి, నెట్‌వర్క్ చిప్ చూడండి

మే నెలలో గుత్తిలో ఏ గ్యాడ్జెట్ ఆగినా నెపం ఎండ మీదే. నేనూ అంతే. సెకండ్ హ్యాండ్ ఆఫీస్ పీసీలో ప్రాక్స్‌మాక్స్ వేసి మూడు వర్చువల్ మెషీన్లు నడుపుతున్నా. బ్యాకప్ మొదలైతే చాలు, అన్నీ ఒకేసారి మాయం! ఫ్యాన్ మార్చా, ర్యామ్ మార్చా, డబ్బు దండగ. మిట్టమధ్యాహ్నం బాగుండి రాత్రి బ్యాకప్ అప్పుడే పడిపోతుంటే అప్పుడైనా అనుమానం రావాలి కదా.

మానిటర్ తగిలించి చూస్తే లాగ్ నిండా 'డిటెక్టెడ్ హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్'. చచ్చింది హోస్ట్ కాదు, నెట్‌వర్క్ చిప్. పెద్ద డేటాని ప్యాకెట్లుగా కోసే పనిని సీపీయూ చిప్‌కి అప్పజెబుతుంది, దాన్నే టీఎస్ఓ అంటారు. ఈ1000ఈ డ్రైవర్‌తో నడిచే కొన్ని చిప్‌లు ట్రాఫిక్ పెరిగితే అక్కడే ఇరుక్కుంటాయి. ఈథ్‌టూల్‌తో టీఎస్ఓ, జీఎస్ఓ ఆఫ్ చేశా. సీపీయూ వాడకం కాస్త పెరిగింది, హ్యాంగ్ పోయింది. రీబూట్ చేస్తే సెట్టింగ్ పోతుంది, అందుకే ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో పోస్ట్-అప్ లైన్‌గా రాసుకోండి.

పెద్ద సర్వర్లకీ ఈ బాధ తప్పలేదు. ఈఎస్ఎక్స్ఐ 5 రోజుల్లో ఈ1000 వర్చువల్ కార్డు వల్ల ఏకంగా హోస్టే పర్పుల్ స్క్రీన్‌తో ఆగిపోయేది, వీఎంఎక్స్‌నెట్3కి మారమని వీఎంవేరే చెప్పింది.

మన రివ్యూల్లో సినీబెంచ్ స్కోరు ఉంటుంది గానీ నెట్‌వర్క్ చిప్ పేరు కనపడదు. హోమ్ సర్వర్‌కి పనికొస్తుందని రాసేముందు ఒక రాత్రంతా ఐపెర్ఫ్ నడిపి చూడండి సార్.