తోట వస్తుంది, జెర్సీ రాదు

పోయిన ఆదివారం సిడ్నీ నుంచి మా మనవరాలు ఫోన్ చేసింది. దానికి పద్నాలుగేళ్ళు. మామూలుగా అయితే "తిన్నావా అమ్మమ్మా" అని రెండు ముక్కలు మాట్లాడి ఫోను వాళ్ళమ్మకు ఇచ్చేసే పిల్ల. ఆరోజు మాత్రం, "అమ్మమ్మా, నువ్వెక్కడ పుట్టావు?" అని మొదలుపెట్టింది. పలమనేరులో, మా అమ్మమ్మ ఇంట్లో అన్నాను. "దానికి కాగితం ఉందా?" అంది.

నాకు నవ్వాగలేదు. మంత్రసాని చేతిలో పడినవాళ్ళం, మాకు కాగితాలెక్కడివి? నా పుట్టినరోజు కూడా బడిలో చేర్చినప్పుడు అయ్యవారు వేసిన లెక్కే. ఆ తర్వాత పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు అందులో పలమనేరు అని రాశారు. అదే నా కాగితం.

ఇంతకీ సంగతేమిటంటే, మా పిల్ల వాళ్ళ స్కూల్లో రగ్బీ లీగ్ ఆడుతుంది. పదమూడు మంది ఆట. కోడిగుడ్డు ఆకారంలో బంతి. ఆరుసార్లు పట్టుబడేలోపు గీత దాటించాలి, లేకపోతే బంతి అవతలివాళ్ళకు పోతుంది. వీడియోలో చూస్తే నాకు మన చెడుగుడే గుర్తొచ్చింది, కూత ఒక్కటే తక్కువ. ఆ జట్టులో దాని స్నేహితురాలు టోంగా పిల్ల. ఆ పిల్ల పుట్టింది సిడ్నీలోనే, వాళ్ళమ్మానాన్న పెరిగిందీ అక్కడే. కానీ వాళ్ళ అమ్మమ్మ టోంగాలో పుట్టింది కాబట్టి రేపు టోంగాకు ఆడొచ్చట. "మరి నేను నీ పేరు చెప్పి ఇండియాకు ఆడొచ్చా?" ఇదీ మా పిల్ల ప్రశ్న.

ఆ ఆటలో నిబంధన నిజంగానే అట్లా ఉంది. అమ్మో నాన్నో, అవ్వో తాతో, ఎవరు పుట్టిన దేశానికైనా ఆడొచ్చు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఇంగ్లండ్ లాంటి పెద్ద జట్లకు ఆడినవాళ్ళు కూడా అవ్వతాతల చిన్న దేశానికి మారొచ్చు. ఆక్లండ్‌లో పుట్టి న్యూజిలాండ్‌కు ఆడిన జేసన్ టౌమలోలో 2017 ప్రపంచకప్పుకు టోంగా వైపు వెళ్ళిపోయాడు. ఆ టోర్నీలో టోంగా న్యూజిలాండ్‌ను 28-22తో ఓడించింది. సెమీస్‌లో ఇంగ్లండ్ చేతిలో రెండే పాయింట్లతో పోయింది. 2019లో ఆస్ట్రేలియానే ఓడించింది. మన తిరుపతి జనాభాలో సగం కూడా లేని దేశమది! 2022లో సమోవా ఏకంగా ఫైనల్ దాకా పోయింది. మూడు దేశాల మధ్య తిరిగే ఆటను ఇంతమందికి పంచింది ఎక్కువగా ఈ అవ్వల లెక్కే.

నాకు నచ్చింది గెలుపోటములు కాదు. ఆ నిబంధనలో తండ్రి తండ్రి ఎంతో, తల్లి తల్లీ అంతే. మన ఇళ్ళల్లో చూడండి. గోత్రం అడిగితే నాయనది, పెళ్ళయ్యాక మొగుడిది. వంశవృక్షం గీస్తే మా అమ్మ పేరు ఎక్కడా ఉండదు. అలాంటిది ఎక్కడో సిడ్నీలో ఒక ఆటవాళ్ళకు నేను పలమనేరులో పుట్టానన్న సంగతి కావాలట. ఇంకో తమాషా కూడా ఉంది. మనలో తొలి కాన్పు పుట్టింట్లో చేస్తారు కదా, అందుకే మనలో చాలామందికి పుట్టిన ఊరు అంటే అమ్మమ్మ ఊరే. పేరు నాయనదైనా ఊరు మాత్రం ఆడవాళ్ళ వైపు నుంచే వస్తుంది.

ఈ పుట్టిన ఊరి లెక్కలో చిక్కులు లేకపోలేదు. మా అత్తది తిరుత్తణి పక్క పల్లె. ఆమె పుట్టినప్పుడు అది చిత్తూరు జిల్లా. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది. మేమున్న తిరుపతి 2022లో వేరే జిల్లా అయింది. ఆమె కదలకుండానే ఊళ్ళు అటూ ఇటూ అయ్యాయి. రాష్ట్రాల లెక్కన ఆడమంటే మా ఇంట్లోనే రెండు జట్లు!

ఇక మా పిల్ల ప్రశ్నకు జవాబు. కుదరదు. 2008 చివర్లో కేంద్ర క్రీడల శాఖ భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళే దేశానికి ఆడాలని తేల్చేసింది. అంతకుముందు విజయ్ అమృతరాజ్ కొడుకు ప్రకాశ్ అమెరికా పౌరుడిగానే డేవిస్ కప్‌లో మనకు ఆడేవాడు. ఆ నిబంధనతో అదీ ఆగింది. మనకు రెండు పౌరసత్వాలు లేవు. ఆడాలంటే అక్కడిది వదిలేసుకోవాలి. జపాన్‌లో పుట్టిన అరాతా ఇజుమి అట్లాగే వదులుకుని 2013లో మన ఫుట్‌బాల్ జట్టుకు ఆడాడు. మొన్న 2025లో రయాన్ విలియమ్స్ ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదిలేశాడు. అతనిదీ అమ్మ వైపు నుంచే, ఆమె ముంబైలో పుట్టింది. పెద్దవాళ్ళు, సంపాదనపరులు, వాళ్ళిష్టం. పద్నాలుగేళ్ళ పిల్లను పాస్‌పోర్టు వదిలేయమని ఏ తల్లి చెప్తుంది?

మా పిల్లకు ఓసీఐ కార్డుంది. ఆ కార్డుతో ఇక్కడ సేద్యం భూమి కొనకూడదు, వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. అంటే నా పేరున ఉన్న మూడెకరాల తోతాపురి తోట రేపు దానికి రావచ్చు. నా ఊరి పేరుతో జెర్సీ మాత్రం రాదు. చెట్టు ఎక్కడం రాని పిల్లకు తోట ఇస్తాం, పరిగెత్తడం వచ్చిన పిల్లకు గ్రౌండు ఇవ్వం. ఇదేం లెక్కో నాకర్థం కాదు.

అటువైపు మాత్రం మనం మహా సంబరపడతాం. విజయవాడలో పుట్టి న్యూజిలాండ్‌లో పెరిగిన తేజ నిడమనూరు, 2023లో నెదర్లాండ్స్ తరఫున వెస్టిండీస్ మీద 111 కొడితే మనవాడే అన్నాం. అదే ఏడాది దక్షిణాఫ్రికాలో అండర్-19 అమ్మాయిల ప్రపంచకప్పులో అమెరికా జట్టుకు కెప్టెన్ గీతిక కొడాలి. జట్టంతా మన దేశం మూలాలున్న పిల్లలే. ఆ కప్పు గెలిచిన మన జట్టులో భద్రాచలం త్రిష, విశాఖ షబ్నమ్. తెలుగు పిల్లలు అటూ ఉన్నారు, ఇటూ ఉన్నారు. అమెరికా వాళ్ళను మీ అవ్వ ఏ ఊరని అడగలేదు, మా దగ్గర పెరిగారు, ఆడండి అంది.

ఇదంతా మా తమ్ముడి భార్యతో అన్నాను. పుత్తూరు దగ్గర పల్లె వాళ్ళది. ఆమె మనవరాలికీ పద్నాలుగేళ్ళే, స్కూల్లో కబడ్డీ ఆడుతుంది. చాటలో బియ్యం ఏరుతా నా మాటలన్నీ వినింది మరదలు. "వాళ్ళు ఇమానం దిగొచ్చి ఆడేస్తే మా పిల్ల ఏం గావాల వదినా? పొద్దన్నే ఐదుకు లేసి రోడ్డు మీద పరిగెత్తేది మా పిల్ల గదా. దానికి బూట్లే రెండేండ్ల నాటివి" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆమె చెప్పింది నిజం. సిడ్నీలో ప్రతి పేటకూ పచ్చిక మైదానం, కోచ్, ఫిజియో. అక్కడ తయారైన పిల్లతో మన రోడ్డు మీద తయారైన పిల్లను పోటీకి పెట్టి, ప్రతిభ ఉన్నవాళ్ళకే చోటు అంటే అది పోటీ కాదు. టోంగా గెలిచిన జట్టులో ఎక్కువమంది ఆక్లండ్, సిడ్నీ మైదానాల్లో తయారైనవాళ్ళే. పెద్దల జట్టు గెలిచినంత మాత్రాన దీవిలో పిల్లలకు మైదానాలు మొలవవు.

రెండు రోజులు ఆలోచించాను. క్రికెట్‌లో తలుపు తీయక్కర్లేదు, ఇక్కడే క్యూ తిరుమల సర్వదర్శనం లాగా ఉంది. కబడ్డీకి అసలే వద్దు. రగ్బీ లాంటి, మనకింకా కొత్తగా ఉన్న ఆటల్లో మాత్రం ఇద్దరు ముగ్గురికి చోటివ్వాలి, పాస్‌పోర్టు వదలమనకుండానే. అంతకంటే ఎక్కువమందికి వద్దు. వచ్చినవాళ్ళు మ్యాచ్ రోజుకు దిగి మర్నాడు పోకుండా ఒక సీజనంతా ఇక్కడుండాలి, ఇక్కడి పిల్లలతో కలిసి తినాలి, తమకొచ్చింది నేర్పాలి. అమ్మమ్మ ఊరి పేరు వాడుకునేవాళ్ళు అమ్మమ్మ ఊరి ఎండ కూడా చూడాలి కదా. నా మనవరాలు కాబట్టి ఇట్లా అంటున్నానేమో. అనుకోండి, కాదనను.

మరదలికి ఈ మాట చెప్తే, "ఇద్దరే అయితే సరే" అంది, సగం మనసుతో. పక్కనే ఉన్న ఆమె మనవరాలు మాత్రం ఒకటే అడిగింది, "అవ్వా, ఆ యక్కకు కూత పెట్టేది వస్తాదా?"

రాదు. డిసెంబరు సెలవులకు వస్తుంది. వచ్చేటప్పుడు ఆ కోడిగుడ్డు బంతి ఒకటి, ఆరో నంబరు బూట్లు ఒక జత తెమ్మని వాళ్ళమ్మకు మెసేజ్ పెట్టాను.