పాత పడవకు మరమ్మతు ఒడ్డునే జరగాలి

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, తూర్పు తీరంలో ఇంజను పడవలు సముద్రంలో వేటకు వెళ్ళరాదు. ఆ రోజుల్లో అంతర్వేది మొదలు భైరవపాలెం వరకు కోనసీమ రేవులన్నిటా పడవలు ఒడ్డెక్కి వుంటాయి. వలలు బాగుచేసుకునేవారు బాగుచేసుకుంటారు, రంగులు వేసేవారు వేస్తారు. కొన్ని పడవలు చేతులు కూడా మారతాయి. కొత్త పడవ, కొత్త ఇంజను కొనే స్తోమత లేని మత్స్యకారుడు అప్పో సప్పో చేసి, ఇంట్లో బంగారం కుదువబెట్టి పాత పడవ కొంటాడు. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. అయితే పడవ తక్కువ ధరకు వచ్చిందంటే అందుకు ఏదో కారణం వుంటుంది. అమ్మినవాడు వాయిదా వేస్తూ వచ్చిన మరమ్మతులన్నీ పడవతోపాటు కొన్నవాడికి సంక్రమిస్తాయి. వాటి ఖర్చు కూడా కలుపుకుంటేనే అది అసలు ధర అవుతుంది.

అప్పు చేసి కొన్నవాడికి వడ్డీ భయం వుంటుంది. కొన్న మర్నాడే పడవను నీళ్ళలోకి దించాలనిపిస్తుంది. ఈ తొందరే ప్రమాదకరం. రోడ్డు మీద లారీ ఆగిపోతే పక్కకు నెట్టి మెకానిక్కు కోసం కబురు పెట్టవచ్చు. నదీముఖం వద్ద, అలలు విరిగే చోట, ఇంజను ఆగితే కబురు పెట్టే వ్యవధి వుండదు. వరదనాటి గోదావరి సంగతి చెప్పనక్కరలేదు. 2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక వద్ద పడవ నిర్మాణంలో వున్న వంతెన స్తంభానికి ఢీకొని బోల్తాపడి, బడిపిల్లలు గల్లంతైన దుర్ఘటనను ఈ ప్రాంతం మరచిపోలేదు. 2022 జూలై వరదల్లో లంక గ్రామాలవారికి రాకపోకలకు పడవలే దిక్కయ్యాయి. కనుక పడవ మరమ్మతు కేవలం యజమాని సొంత వ్యవహారం కాదు. అందులో ఎక్కే ప్రతి మనిషికీ సంబంధించిన విషయం.

మొదట చూడవలసింది అడుగు. పడవ నీళ్ళలో వుండగా బేరం కుదుర్చుకోరాదు. ఒడ్డుకు లాగించి, కడిగించి, ఆరనిచ్చి చూడాలి. ఫైబరు పడవ అయితే చిన్న చెక్క సుత్తితో అడుగంతా తట్టిచూడాలి. గట్టిగా వున్నచోట శబ్దం ఖంగుమంటుంది, లోపల పొరలు విడిపోయినచోట డొల్లగా వినిపిస్తుంది. ఇంజను బిగించిన చోట వెంట్రుక మందం పగుళ్ళున్నా ఉపేక్షించరాదు. కొత్త రంగు వేసి వున్న పడవను మరింత జాగ్రత్తగా చూడాలి. పగులు మీద పైపైన రెజిన్ పూస్తే నిలవదు. చుట్టూ అరగదీసి, పూర్తిగా ఆరిన తరువాత ఫైబరు మ్యాటు పొరలు వేసి అతకాలి. తేమ వుంటే అతుకు పట్టదు గనుక వానలకు ముందే ఈ పని కావాలి. రెజిన్‌లో కలిపే రెండు మందులను విడివిడిగానే కలపాలి తప్ప, ఒకదానిలో మరొకటి నేరుగా పోయరాదు. అలా పోస్తే భగ్గుమని మండి పేలే ప్రమాదం వుంది. అనుభవమున్న మేస్త్రీ చేతనే చేయించుకోవడం మంచిది.

చెక్కపడవ అయితే పలకల సందులే ప్రధానం. పాత దట్టింపు పుచ్చివుంటే పూర్తిగా తీసి కొత్తది దట్టించాలి. మేకుల చుట్టూ చెక్క నల్లబడి మెత్తబడిందేమో కత్తి మొనతో గుచ్చిచూడాలి.

ఇక ఇంజను. డీజిలు ఇంజను ఆగిపోవడానికి సాధారణ కారణాలు రెండు. డీజిలులో నీరు చేరడం, ఫిల్టరు పూడుకుపోవడం. పాత ట్యాంకు అడుగున నీరు, మడ్డి తప్పకుండా వుంటాయి. ట్యాంకును ఖాళీచేసి కడగాలి, ఫిల్టరు మార్చాలి, గొట్టంలోని గాలి తీయాలి. ఇది ఒక పూట పని. ఇంజను ఆయిలు తీసిచూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. పాలు కలిపినట్లు తెల్లగా వుంటే లోపలికి నీరు దిగుతున్నట్లే. అప్పుడు ఆయిలు మారిస్తే సరిపోదు, నీరు ఎక్కడినుంచి వస్తున్నదో కనిపెట్టాలి. ఇంతకుముందు ఆయిలు ఎప్పుడు మార్చారో అమ్మినవాడి మాట ఎలా వున్నా, కొన్నవాడు వెంటనే ఒకసారి మార్చుకుని, తేదీ గోడ మీద రాసుకోవాలి.

షాఫ్టు పడవలోంచి బయటికి వెళ్ళే ఇంజను పడవల్లో, ఆ రంధ్రం వద్ద బిగించిన గ్లాండు నుంచి ఇంజను నడిచేటప్పుడు అప్పుడప్పుడు ఒక చుక్క నీరు రావడం సహజమే. ధారగా వస్తుంటే లోపలి ప్యాకింగు అరిగిందన్నమాట. కొందరు నీరు ఆగేదాకా గ్లాండును బిగిస్తూ పోతారు. దానివల్ల షాఫ్టు వేడెక్కి గాట్లు పడుతుంది. కొద్ది ఖర్చుతో పోయే ప్యాకింగు మార్చక, షాఫ్టునే మార్చుకోవలసి వస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమంటే ఇదే. పంకా రెక్క వంగితే పడవంతా వణుకుతుంది. షాఫ్టుకు చుట్టుకున్న నైలాను వలపోగును ప్రతి వేట తరువాత కోసి తీయాలి.

ఉప్పునీరు ఇనుమును తినేస్తుందని అందరికీ తెలుసు. ఆ తినేదేదో తానే భరించడానికి ఇంజను దగ్గర, షాఫ్టు దగ్గర జింకు దిమ్మ బిగిస్తారు. అందంగా వుండాలని దాని మీద రంగు వేస్తే అది పనిచేయదు. సగం కరిగిపోగానే మార్చాలి. డీజిలు గొట్టం పగిలినా, బ్యాటరీ తీగెల తొడుగు ఊడినా నిప్పుకు దారి ఇచ్చినట్లే. వాటిని మార్చడానికి పెద్ద ఖర్చు కాదు.

ఇంత చేసినా ఇంజను ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది. అందుకని ఒక పెట్టెలో స్పానర్లు, అదనపు ఫిల్టరు, బెల్టు, పిన్నులు వుండాలి. తెడ్లు, లంగరు, నీరు తోడే పాత్ర, మనిషికొక లైఫ్ జాకెట్టు లేనిదే పడవను కదల్చరాదు.

కాగితాల విషయం కూడా మరమ్మతు వంటిదే. నమ్మకం మీద బేరం ముగించి, రిజిస్ట్రేషను, లైసెన్సు పాత యజమాని పేరుననే వుంచేస్తే, రేపు సాయం అందవలసినప్పుడు చిక్కు వస్తుంది. డబ్బు ఇచ్చిననాడే మత్స్యశాఖ కార్యాలయంలో మార్పుకు దరఖాస్తు చేసుకోవాలి.

అయితే బాధ్యతంతా మత్స్యకారుడి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. నిషేధకాలపు సాయాన్ని ప్రభుత్వం 2025లో 20 వేల రూపాయలకు పెంచింది. పని లేని రెండు నెలలూ ఇల్లు గడవడానికే ఆ సొమ్ము సరిపోతుంది తప్ప ఇంజనుకు మిగలదు. అనేక రేవులకు మెకానిక్కు పట్నంనుంచి రావలసిందే. అతని రాకపోకల ఖర్చే మరమ్మతు ఖర్చును మించుతుంది. ఆ భయంతోనే చిన్న లోపాలు వాయిదా పడుతున్నాయి.

దీనికి మార్గం లేకపోలేదు. సాయానికి అర్హులను గుర్తించడానికి అధికారులు ఎలాగూ రేవులకు వస్తారు. అదే సమయంలో ప్రతి పెద్ద రేవులోనూ రెండు మూడు రోజులు మరమ్మతు శిబిరం పెట్టవచ్చు. ఐటీఐలలో డీజిల్ మెకానిక్ శిక్షణ పొందుతున్న విద్యార్థులను అనుభవజ్ఞుడైన మేస్త్రీ వెంట పంపితే వారికి పని వస్తుంది, పడవలకు మేలు జరుగుతుంది. విడిభాగాలకు మత్స్యకార సహకార సంఘాల ద్వారా చిన్న మొత్తం అప్పులిప్పిస్తే, వడ్డీ వ్యాపారి గడప తొక్కవలసిన అవసరం తగ్గుతుంది. ప్రతి రేవులోనూ ఒక యువకుడికి ఈ పని నేర్పిస్తే ఆ వూరి పడవలకు దిక్కు దొరుకుతుంది. జిల్లా అధికారులు ఈ విషయమై వెంటనే ఆలోచించాలి.

అధికారులు కదిలేవరకు ఎదురుచూడనక్కరలేని పని మాత్రం ఒకటి వుంది. పాత పడవ కొన్న ప్రతి ఒక్కరూ దానిని నీటిలోకి దించేముందు ఒక రోజంతా ఒడ్డున దానితో గడపాలి. అడుగు తట్టాలి, ట్యాంకు కడగాలి, గ్లాండు చూడాలి. ఆ రోజు వేట పోయిందని దిగులు పడనక్కరలేదు. పడవ మీద పెట్టిన అప్పు నెమ్మదిగా తీరుతుంది. పడవతోపాటు వెళ్ళిన మనిషి క్షేమంగా ఇల్లు చేరడమే ముఖ్యం.